హాజరుపట్టీకి ఎక్కని దండు

అమెరికా విప్లవ గాథ – 9వ భాగం

1777 ఆగస్టు మొదటి వారం. బ్రిటిష్ సేనాని విలియం హౌ అప్పటికే పెద్ద నౌకాదళంతో న్యూయార్క్ రేవు విడిచి సముద్రంలోకి వెళ్లిపోయాడు. ఎక్కడ ఒడ్డుకు దిగుతాడో ఎవరికీ అంతుపట్టడం లేదు. ఏ క్షణాన ఎటు పరుగెత్తాల్సి వస్తుందోనని వాషింగ్టన్ సైన్యం కాళ్ల మీద నిలబడి ఉంది. ఆ అయోమయంలోనే, ఆగస్టు 4న, దండుకంతటికీ చదివి వినిపించిన ఉత్తర్వుల్లో ఆయన ఆడవాళ్ల సంగతి ఎత్తాడు. సైన్యం వెంట ఆడవాళ్లు మరీ ఎక్కువైపోయారనీ, అందులోనూ గర్భిణులూ పిల్లల తల్లులూ ప్రతి కదలికకూ ఆటంకమవుతున్నారనీ ఆయన ఫిర్యాదు. బొత్తిగా అవసరం లేనివాళ్లందరినీ ఏదో ఒక దారి చూసి వదిలించుకోమని అధికారులకు ఆజ్ఞ.

అవసరం లేనివాళ్లను పంపెయ్యమన్నాడంటే, అవసరమైనవాళ్లు కొందరు ఉన్నారని సర్వసేనానే ఒప్పుకున్నట్టు. ఈ ఒప్పుకోలును పట్టుకుని మనం చాలా దూరం వెళ్లవచ్చు.

మూడు వారాలు తిరక్కుండానే ఆ సైన్యం ఫిలడెల్ఫియా నడివీధుల్లో కవాతు చేసింది. ఆగస్టు 24, ఆదివారం. కాంగ్రెస్ సభ్యులూ, వ్యాపారులూ, మనసులో ఇంకా రాజు పక్షమే ఉన్న కుటుంబాలూ అందరూ చూసే కవాతు అది. సరైన దుస్తులు లేని సిపాయిలు కనీసం ఒక్క తీరుగా కనిపించాలని టోపీల్లో పచ్చని రెమ్మలు గుచ్చుకోమన్నారు. దండుకు చెందిన ఆడమనిషి ఒక్కరు కూడా ఆ వీధుల్లో కంటపడకూడదన్నారు. సామాన్ల బళ్లతో పాటు వాళ్లను వేరే దారిన పంపించారు. నగరం చూసి చప్పట్లు కొట్టిన సైన్యం అది. ఆ సైన్యానికి వండిపెట్టిన చేతులు, దాని బట్టలు ఉతికిన చేతులు ఊరి బయటి మట్టిరోడ్డున నడిచిపోయాయి.

వాషింగ్టన్ సైన్యం వ్యాలీ ఫోర్జ్ శిబిరంలో గడిపిన చలికాలం గురించి గత రెండు భాగాల్లో చెప్పుకున్నాం. కట్టెదుంగల గుడిసెలు, చెప్పుల్లేని కాళ్లు, రోజుల తరబడి పిండి తప్ప మరొకటి దొరకని పూటలు. అక్కడ సుమారు పన్నెండు వేల మంది సిపాయిలుంటే, వాళ్లతో పాటు దాదాపు 400 మంది ఆడవాళ్లు అవే గుడిసెల్లో అదే చలి భరించారు. యుద్ధం పొడవునా సగటు చూస్తే సైన్యంలో వీళ్ల వాటా నూటికి మూడు అని చరిత్రకారులు అంచనా వేశారు. అంకె చిన్నదే. వాళ్లు చేసిన పని మాత్రం అంకెలో పట్టేది కాదు.

దండు వెంట తిరిగే ఆడవాళ్లు అనగానే చాలామందికి ఒకే ఆలోచన వస్తుంది. ఆ ఆలోచనను ఇక్కడే పక్కన పెట్టేద్దాం. ఒళ్లమ్ముకునే వ్యాపారం పెద్ద ఎత్తున సాగింది న్యూయార్క్ లాంటి నగరాల్లో. ఆ వ్యాపారానికి కావలసిన డబ్బు అమెరికన్ సిపాయి చేతిలో ఉంటే గదా! శిబిరాల్లో ఉన్నవాళ్లలో అత్యధికులు సిపాయిల భార్యలు, వితంతువులు, ఆడపిల్లలు. సిపాయి జీతం నెలకు ఆరు డాలర్ల పైచిల్లర. అదీ నెలల తరబడి అందేది కాదు. అందినా ఆ కాగితపు డాలరుకు విలువ లేదు. 1780 మార్చిలో కాంగ్రెసే నలభై కాగితపు డాలర్లు ఒక వెండి డాలరుకు సమానమని ప్రకటించుకోవలసి వచ్చింది. మగవాడు ఇలా పటాలంలో చేరిపోతే, కౌలు భూమి మీదో కూలి మీదో బతికే ఇంట్లో మిగిలిన ఆడమనిషి ఏం తినాలి? పిల్లలకు ఏం పెట్టాలి?

న్యూయార్క్ వాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం. 1776 సెప్టెంబరులో బ్రిటిష్ చేతికి చిక్కిన ఆ నగరం 1783 నవంబరు దాకా విడుదల కాలేదు. తిరుగుబాటు పక్షాన నిలిచిన కుటుంబాలు ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయాయి. వాళ్లకు తిరిగి వెళ్లడానికి ఊరే లేదు. అందుకే న్యూయార్క్ రెజిమెంట్లలో ఆడవాళ్లూ పిల్లలూ మిగతా వాటికన్నా ఎక్కువ. పెనిమిటి ఎక్కడుంటే అదే ఇల్లు, డేరా ఎక్కడ వేస్తే అదే ఊరు.

వీళ్లలో ఎక్కువమందికి రాతరాదు. ఉత్తరాలు లేవు, దినచర్యలు లేవు. ఒక్కరి గొంతు మాత్రం మనకు దస్త్రంలో పూర్తిగా దొరికింది. ఆమె సారా ఆస్‌బోర్న్. 1837 నవంబరులో, ఎనభై ఒక్కేళ్ల వయసులో, పెన్సిల్వేనియాలోని వేన్ కౌంటీలో పింఛను కోసం వాంగ్మూలం ఇచ్చింది. యాభై ఏళ్లు దాటిపోయినా ఆమె జ్ఞాపకంలో కందకాల మట్టి తడి ఆరలేదు.

1780 జనవరి. ఆల్బనీలో కమ్మరి పని చేసే ఏరన్ ఆస్‌బోర్న్‌ను సారా పెళ్లాడింది. పెళ్లయిన కొద్ది రోజులకే, ఆమెకు మాటైనా చెప్పకుండా, యుద్ధం ముగిసేదాకా పనిచేస్తానని అతను సంతకం పెట్టి వచ్చాడు. తనతో రమ్మన్నాడు. ఆమె రానంది. సామగ్రి కాపలా దళంలో వేశారనీ, ప్రయాణానికి బండో గుర్రమో ఇస్తారనీ తెలిశాకే ఒప్పుకుంది. ఇరవై మూడేళ్ల పిల్ల అలా షరతు పెట్టి మరీ సైన్యంలోకి వచ్చింది. ఆ షరతు ఎంత గట్టిదో తెలియాలంటే ఒకటి గుర్తుంచుకోవాలి: ఆడవాళ్లు సామాన్ల బళ్లెక్కకూడదని వాషింగ్టన్ పదేపదే ఉత్తర్వులిచ్చాడు. పదేపదే ఇవ్వాల్సి వచ్చిందంటే అవి పాటించినవాళ్లు తక్కువన్నమాట. చంకలో బిడ్డ, నెత్తిన మూట పెట్టుకుని రోజుకు పది పదిహేను మైళ్లు నడిచే మనిషి ఖాళీ జాగా కనబడితే బండెక్కకుండా ఎలా ఉంటుంది?

మంచు మీద జారుబండ్లలో హడ్సన్ నది తూర్పు ఒడ్డున ఫిష్‌కిల్ దాకా, అక్కడ నది దాటి వెస్ట్ పాయింట్ కోటకు. అక్కడ సారా చేసిన పనేమిటో ఆమే చెప్పింది: సిపాయిల బట్టలు ఉతకడం, కుట్టడం.

ఉతకడం అనగానే మనం చప్పున దాటేస్తాం. కానీ ఈ వ్యాసంలో నేను ఎక్కువసేపు ఆగదలుచుకున్నది ఇక్కడే. సిపాయికి ఉండేది ఒకటో రెండో నార చొక్కాలు. వాటితోనే నిద్ర, వాటితోనే కవాతు, వాటితోనే మట్టిపని. 1775లో బోస్టన్ చుట్టూ చేరిన తొలి సేనలో ఆడవాళ్లు తక్కువ. ఉతుకుడు ఆడపని అనుకునే మగవాళ్లు చొక్కా ఒంటి మీదే చివికిపోయేదాకా వదిలేశారు. గజ్జి, పేలు, విరేచనాలు, దండుజ్వరం ఆ శిబిరాలను పట్టి పీడించాయి. బ్రిటిష్ సైన్యానికి ఈ పాఠం ఎప్పుడో తెలుసు. అందుకే వాళ్లు విదేశాలకు పంపే ప్రతి కంపెనీతో ఆరుగురి దాకా సిపాయి భార్యలను ఓడెక్కించి, వాళ్లకు సగం రేషను, పిల్లలకు పావు రేషను లెక్కగట్టి ఇచ్చేవాళ్లు.

వాళ్లు ఉతికిన తీరు మన చాకిరేవుకు పరాయిది కాదు. మనవాళ్లు చవుడు మట్టితో చేసిన పనిని వాళ్లు కట్టెల బూడిదతో చేశారు. బూడిదను నీళ్లలో నానబెట్టి, వడగట్టి, ఆ కారపు నీళ్లలో బట్టలు పెద్ద పెద్ద ఇనుప బానల్లో ఉడకబెట్టేవాళ్లు. తర్వాత బాదడం, వాగులో జాడించడం, కంచెల మీద ఆరేయడం. చలికాలంలో ఆ కారానికీ ఆ వాగునీళ్లకూ చేతులు పగిలి నెత్తురొచ్చేవి. ఏ బట్టకు ఎంత కూలి తీసుకోవాలో సైన్యమే ధర కట్టింది. అంతకు మించి అడిగినా, ఉతకనన్నా రేషను ఆగిపోయేది. కూలి ఇవ్వాల్సింది మాత్రం సైన్యం కాదు, జీతమే అందని సిపాయి.

దండుజ్వరం అని ఆనాటివాళ్లు పిలిచింది ఇవాళ్టి టైఫస్. అది పేను ద్వారా మనిషి నుంచి మనిషికి పాకుతుందని శాస్త్రవేత్త షార్ల్ నికోల్ కనిపెట్టింది 1909లో. అంతకు నూట ముప్పై ఏళ్ల ముందే, కారణం ఎవరికీ తెలియకుండానే, ఈ ఆడవాళ్లు బట్టలు మరగబెట్టి ఆ పేలను చంపుతున్నారు. వ్యాలీ ఫోర్జ్‌లో ఒక్క యుద్ధం జరగలేదు. అయినా ఆ ఆరు నెలల్లో రెండు వేల మందికి దగ్గరగా చచ్చిపోయారు, దాదాపు అందరూ రోగాలతోనే. ఈ యుద్ధం మొత్తంలో తూటాలకన్నా రోగాలు మింగినవాళ్లే ఎక్కువ. అలాంటి చోట బాన కింద మంట ఆరకుండా చూసిన మనిషి ఎన్ని ప్రాణాలు కాపాడిందో ఎవరు లెక్కగట్టారు? ఫిరంగి పేల్చినవాళ్లకు పతకాలు ఉన్నాయి. నా దృష్టిలో ఈ బాన ఫిరంగికి ఏ రకంగానూ తక్కువ కాదు.

ఆసుపత్రి పని మరో రకం. 1775 జూలై 27న కాంగ్రెస్ సైన్యానికి ఆసుపత్రిని ఏర్పాటు చేసినప్పుడే పదిమంది రోగులకు ఒక నర్సు అని నిర్ణయించింది. జీతం నెలకు రెండు డాలర్లు. అదే ఉత్తర్వులో సర్జనుకు నలభై. రెండు డాలర్లకు ఎవరూ రాకపోవడంతో 1777లో నర్సు జీతం ఎనిమిది డాలర్లకు పెంచారు. చేయాల్సిన చాకిరీ ఏమిటంటే రోగుల మలమూత్రాల కుండలు ఎత్తిపోయడం, ఒళ్లు తుడిచి తల దువ్వడం, గదులు ఊడ్చి రోజుకు మూడు నాలుగుసార్లు వెనిగర్ చిలకరించడం. ఈ పనిలో జ్వరం అంటుకోవడం దాదాపు ఖాయం. ఎంతమంది నర్సులు ఆ గదుల్లోనే ప్రాణాలు విడిచారో ఎవరూ రాసిపెట్టలేదు. 1778 మే చివర వాషింగ్టన్ ఉత్తర్వు చూడండి: దండులోని ఆడవాళ్లలో నచ్చజెప్పి ఒప్పించగలిగినంతమందిని నర్సులుగా తీసుకురమ్మని రెజిమెంటు అధికారులను కోరాడు. పది నెలల కిందట వదిలించుకోమన్న ఆడవాళ్లనే ఇప్పుడు బతిమాలుతున్నాడు. నర్సుగా ఒక ఆడమనిషి వస్తే ఒక సిపాయి తుపాకీ పట్టుకోడానికి ఖాళీ అవుతాడన్నది అసలు లెక్క.

ఇంతా చేసి సైన్యంలో వాళ్ల స్థానం ఏమిటి? జీతపు పట్టీలో పేరు లేదు. కానీ 1775 నాటి యుద్ధ నిబంధనల్లో 32వ నిబంధన స్పష్టంగా చెప్పింది: సైన్యంతో పాటు ఉంటూ పనిచేసే ప్రతి మనిషీ, భర్తీ అయినా కాకపోయినా, సైనిక చట్టానికి లోబడి ఉండాల్సిందే. ఆడవాళ్లను సైనిక న్యాయస్థానం ముందు నిలబెట్టారు. దొంగతనానికి, అనుమతి లేకుండా మద్యం అమ్మినందుకు, పారిపోయే సిపాయికి సాయపడినందుకు శిక్షలు వేశారు. కొందరిని కొరడాతో కొట్టారు, కొందరిని డోళ్లు వాయిస్తూ దండు పొలిమేర దాటించారు. శిక్ష వేసేటప్పుడు వాళ్లు సైన్యంలో భాగం, జీతం ఇచ్చేటప్పుడు కాదు. యుద్ధం ముగిసిన మైదానంలో శవాల ఒంటి మీది బట్టలు ఒలుచుకున్న ఆడవాళ్లూ వీళ్లలో ఉన్నారు. దాన్ని దాచనక్కర్లేదు. చలికాలం తరుముకొస్తుంటే, పిల్లవాడి ఒంటి మీద గుడ్డ లేకపోతే, చచ్చినవాడి కోటు వాళ్లకు ఇంకోలా కనిపించి ఉంటుంది.

అధికారుల భార్యల కథ వేరు. మార్తా వాషింగ్టన్ ప్రతి చలికాలం భర్త మకాముకు వచ్చేది, లూసీ నాక్స్, కేథరిన్ గ్రీన్ లాంటివాళ్లూ వచ్చేవాళ్లు. వాళ్లు ఇళ్లలో దిగారు, విందులకు వెళ్లారు, వసంతం రాగానే తిరిగి వెళ్లారు. వాళ్ల గురించి చాలా పుస్తకాలు ఉన్నాయి కనుక ఇక్కడ ఆగను.

అవతలి పక్షం చూద్దాం. 1777లో కెనడా నుంచి దిగివచ్చిన బర్గోయిన్ సేనలో బ్రిటిష్, జర్మన్ సిపాయిలతో పాటు వందలాది ఆడవాళ్లున్నారు. అక్టోబరులో సరటోగా దగ్గర ఆ సైన్యాన్ని చుట్టుముట్టారు. జర్మన్ సేనాని భార్య ఫ్రెడెరికా రీడెసల్ తన ముగ్గురు చిన్నపిల్లలతో ఒక ఇంటి నేలమాళిగలో ఆరు రోజులు దాక్కుంది. పైన గుండ్లు ఇల్లు చీల్చుకుంటూ పోతున్నాయి, కింద గాయపడినవాళ్లు, దాహంతో ఏడ్చే పిల్లలు. నది కళ్లెదుటే ఉంది, కానీ నీళ్లకు వెళ్లిన మగవాడల్లా తుపాకీకి గురవుతున్నాడు. చివరికి ఒక సిపాయి భార్య కుండ తీసుకుని బయలుదేరింది. మళ్లీ మళ్లీ వెళ్లింది. ఆడమనిషని చూసి అమెరికన్లు కాల్చలేదు. రీడెసల్ దొరసాని తన జ్ఞాపకాల్లో ఈ సంగతి కృతజ్ఞతతో రాసుకుంది.

అక్టోబరు 17న ఆ సైన్యం లొంగిపోయింది. ఖైదీలను బోస్టన్ వైపు నడిపించారు. కేంబ్రిడ్జి వీధిలో ఆ ఊరేగింపును చూసిన హన్నా విన్‌త్రాప్ స్నేహితురాలికి ఉత్తరం రాసింది. మనుషులు ఇంత దీనంగా ఉంటారని తాను ఊహించలేదంది. వీపున గంపలు మోస్తూ సగానికి వంగిపోయిన ఆడవాళ్లు, ఆ గంపల్లో కుండలు, పెనాలు, వాటి మధ్య నుంచి తొంగిచూసే పసిపిల్లలు, దారిలోనే పుట్టిన చంటిబిడ్డలు, ఉత్త కాళ్లు. శత్రుపక్షం వాళ్లే. కానీ ఆ గంపలో ఉన్న సంసారం అమెరికన్ సిపాయి భార్య మోసిన సంసారమే.

ఇక అందరికీ తెలిసిన పేరు మాలీ పిచర్. 1778 జూన్ 28, మాన్‌మత్ యుద్ధం. ఎండ నిప్పులు చెరిగింది. తూటా తగలకుండానే, వడదెబ్బతోనే ఎందరో కూలిపోయారు. ఆ రోజు నీళ్లు దాహానికి మాత్రమే కాదు. ఫిరంగి పేలిన ప్రతిసారీ గొట్టం లోపల తడిపిన కుచ్చుతో తుడవాలి. నిప్పురవ్వ మిగిలితే తర్వాత దట్టించే మందు చేతిలోనే అంటుకుంటుంది. అంటే నీళ్లు మోసే మనిషి ఆగితే ఫిరంగీ ఆగిపోతుంది. మాలీ పిచర్‌గా చెప్పుకునే, కార్లైల్ ఊరికి చెందిన మేరీ హేస్ ఆ యుద్ధంలో నీళ్లు మోసి, తర్వాత భర్త ఫిరంగి దగ్గర నిలబడిందని ప్రసిద్ధి. జోసెఫ్ ప్లంబ్ మార్టిన్ అనే సిపాయి 1830లో అచ్చువేసుకున్న జ్ఞాపకాల్లో, అదే రోజు భర్తతో కలిసి ఫిరంగి నడిపిన ఒక ఆడమనిషిని చూశానన్నాడు. ఒక గుండు ఆమె కాళ్ల మధ్య నుంచి దూసుకుపోయి లంగా కింది భాగం ఊడగొట్టినా ఆమె పని ఆపలేదట. 1822లో పెన్సిల్వేనియా శాసనసభ మేరీకి ఏడాదికి నలభై డాలర్లు మంజూరు చేసింది. మొదటి ముసాయిదాలో సిపాయి వితంతువుగా అని ఉంటే, దాన్ని కొట్టేసి యుద్ధంలో ఆమె చేసిన సేవలకు అని మార్చారు. ఆ దిద్దుబాటు చేసినవాళ్లకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

మార్గరెట్ కార్బిన్ కథ ఇంత సుఖాంతం కాదు. 1776 నవంబరు 16న ఫోర్ట్ వాషింగ్టన్ కోటలో ఫిరంగి దగ్గరే భర్త చచ్చిపోతే ఆమె ఆ స్థానంలో నిలబడింది. చెయ్యి, దవడ, ఛాతీ ఛిద్రమయ్యాయి. 1779 జూలైలో కాంగ్రెస్ ఆమెకు సిపాయి జీతంలో సగం జీవితాంతం ఇవ్వాలని తీర్మానించి, వికలాంగ సిపాయిల దళంలో చేర్చింది. ఒక చెయ్యి పనిచేయదు, ఎవరో ఒకరు అన్నం తినిపించి స్నానం చేయించాలి. ఆమె కోపానికీ తాగుడుకూ భయపడి ఇంట్లో పెట్టుకోడానికి ఎవరూ ముందుకు రావడం లేదని వెస్ట్ పాయింట్ అధికారులు ఉత్తరాలు రాసుకున్నారు. 1926లో ఆమె అస్థికలని నమ్మి కొన్ని ఎముకలను గౌరవంగా వెస్ట్ పాయింట్ శ్మశానానికి తరలించారు. 2017లో పరీక్షిస్తే అవి ఒక మగవాడివని తేలింది. మార్గరెట్ ఎక్కడుందో ఇప్పటికీ తెలియదు.

ఫిరంగి పట్టిన ఇద్దరి పేర్లు మిగిలాయి. బాన దగ్గర నిలబడిన వేలమందికి ఆ పాటి కూడా లేదు. బానిసత్వంలో ఉన్న నల్లజాతి ఆడవాళ్లకైతే ఈ యుద్ధమే మరో రకం. వాషింగ్టన్ మకాంలో వంట చేసిన హన్నా టిల్ వేరొకరి సొత్తు. జీతం కూడబెట్టి తన స్వేచ్ఛను తానే కొనుక్కుంది. మరికొందరు స్వేచ్ఛను అవతలి పక్షంలో వెతుక్కున్నారు. తిరుగుబాటుదారుల బానిసలు పారిపోయి తమ దగ్గరికి వస్తే అభయమిస్తామని 1779 జూన్‌లో బ్రిటిష్ సేనాని క్లింటన్ ప్రకటించాడు. వాళ్లు పిల్లలతో సహా వచ్చారు. వండారు, ఉతికారు, ఆసుపత్రులు ఊడ్చారు. 1781 ఏప్రిల్‌లో వాషింగ్టన్ సొంత ఎస్టేటు నుంచి పదిహేడు మంది బ్రిటిష్ ఓడ ఎక్కేశారు. వాళ్లలో డెబోరా అనే అమ్మాయి ఒకతి. 1783లో బ్రిటిష్ వాళ్లు న్యూయార్క్ ఖాళీ చేసేటప్పుడు రాసిన నల్లవాళ్ల జాబితాలో ఆమె ఉంది: వయసు ఇరవై, ఒకప్పుడు జనరల్ వాషింగ్టన్ బానిస. భర్తతో కలిసి నోవా స్కోషియా ఓడ ఎక్కింది.

మళ్లీ సారా దగ్గరికి. న్యూయార్క్ పొలిమేరలో కింగ్స్‌బ్రిడ్జ్ దగ్గర ఒక రాత్రి భర్తకు వేరే పని పడితే, అతని కోటు తొడుక్కుని, తుపాకీ పట్టుకుని ఆమె కాపలా కాసింది. అటు వచ్చిన వాషింగ్టన్ నిన్నిక్కడ నిలబెట్టింది ఎవరని అడిగితే, నిలబెట్టే హక్కున్నవాళ్లేనని జవాబు చెప్పిందట. 1781లో సైన్యం దక్షిణాదికి కదిలింది. ఫిలడెల్ఫియాలో కొందరు క్వేకర్ ఆడవాళ్లు ఆమెను తమతో ఉండిపొమ్మన్నారు, భర్త ఒప్పుకోలేదు. అక్కడి నుంచి బాల్టిమోర్, అక్కడి నుంచి ఓడలో వర్జీనియా, చివరి మజిలీ కాలినడక. తోడుగా ఒక లెఫ్టినెంట్ భార్య, ఒక సార్జెంట్ భార్య, లెట్టా అనే నల్లజాతి మనిషి.

బ్రిటిష్ సైన్యం చిక్కుకున్న యార్క్‌టౌన్ ముందు డేరాల వెనకే ఈ నలుగురూ పొయ్యి పెట్టారు. అక్టోబరు 9న ఫిరంగులు మొదలయ్యాయి. గొడ్డుమాంసం, రొట్టె, గాలను కుండలో కాఫీ పట్టుకుని సారా కందకాల్లోకి వెళ్లి వచ్చేది. గుండ్లంటే భయం లేదా అని వాషింగ్టన్ మళ్లీ అడిగాడట. ఉరికంబానికి రాసిపెట్టినవాళ్లను గుండ్లు తీసుకుపోలేవనీ, మగవాళ్లు పోరాడుతూ పస్తులు కూడా ఉండటం కుదరదనీ ఆమె సమాధానం. ఆ రెండో మాటలో సైన్యం సరఫరా శాస్త్రం మొత్తం ఉంది.

అక్టోబరు 19న బ్రిటిష్ సైన్యం డోళ్లకు నల్లగుడ్డ కప్పుకుని, పిల్లంగోవులకు నల్లరిబ్బను కట్టుకుని బయటికి వచ్చింది. రోడ్డు పక్కన నిలబడి సారా చూసింది. ముందు నడిచిన సేనాని కన్నీళ్లు ఆమెకు గుర్తున్నాయి. అంతకుముందు యార్క్‌టౌన్ దగ్గరికి చేరినప్పుడు శిబిరం చుట్టూ పడి ఉన్న నల్లజాతివాళ్ల శవాలు కూడా గుర్తున్నాయి. తిండీ మందూ చాలక, మశూచి సోకినవాళ్లను బ్రిటిష్ వాళ్లు కోట బయటికి గెంటేశారు. స్వేచ్ఛ కోసం వచ్చినవాళ్లు రెండు సైన్యాల నడుమ నేలరాలిపోయారు.

ఒంట్లో బాగాలేదని చెప్పి లొంగుబాటు రోజు బయటికి రాని అసలు బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ మనకు కొత్తవాడు కాదు. అయిదేళ్లకు గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. నిజాం గుర్రపుదళం తోడుగా టిప్పు సుల్తాన్ మీదికి నడిచాడు. అతను బెంగాల్లో మొదలుపెట్టిన శాశ్వత శిస్తు పద్ధతినే 1802 నుంచి మన ఉత్తర సర్కారులకూ తెచ్చారు. టిప్పు మీది దండయాత్రలో అతని సైన్యం వెంట నడిచిన బజారు, వంటవాళ్లు, చాకళ్లు, గడ్డి కోసేవాళ్లు, వాళ్ల కుటుంబాలు సిపాయిలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అమెరికాలో సేనానులు వందల్లో చూసి విసుక్కున్నది ఇక్కడ వేలల్లో ఉంది.

యార్క్‌టౌన్ తర్వాత కూడా సంధి కుదిరేదాకా సైన్యం చెదరలేదు. ఖర్చు తగ్గించాలని, పదిహేను మంది సిపాయిలకు ఒక ఆడమనిషి రేషను చొప్పున ఇవ్వాలని కొత్త నియమం పెట్టారు. 1783 జనవరిలో వాషింగ్టన్ ఖజానా పెద్ద రాబర్ట్ మారిస్‌కు ఉత్తరం రాశాడు. న్యూయార్క్ రెజిమెంట్లలో ఆడవాళ్లూ పిల్లలూ ఆ నియమంలో ఇమడరనీ, వాళ్ల ఆకలి ఏడుపులూ భర్తల గోడూ తనకు వేరే దారి మిగల్చలేదనీ, రేషను ఆపితే సైన్యంలోని పాతకాపులైన ఉత్తమ సిపాయిలను పోగొట్టుకుంటాననీ అందులో ఉంది. 1777లో ఆడవాళ్లను కాళ్లకు అడ్డమన్న మనిషే ఇప్పుడు వాళ్ల తిండి కోసం పైవాళ్లతో వాదిస్తున్నాడు. ఆరేళ్ల యుద్ధం ఆయనకు నేర్పిన విషయాల్లో ఇది నాకు చాలా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది.

యుద్ధం ముగిశాక ఏరన్ ఆస్‌బోర్న్ సారాను, ఇద్దరు పిల్లలను వదిలేసి మరొకరిని పెళ్లి చేసుకున్నాడు. ఆమె జాన్ బెంజమిన్‌ను పెళ్లాడి పెన్సిల్వేనియాకు వెళ్లిపోయింది. 1836 చట్టం విప్లవ సిపాయిల వితంతువులకు పింఛను ఇచ్చింది. మూడేళ్లు వండి, ఉతికి, కందకాల్లోకి కూడు మోసిన మనిషి ఆ చట్టం కింద తనను వదిలేసి పోయిన భర్త పేరు మీదే దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చింది. ఉతికినందుకు పింఛను అడిగే గడి ఆ కాగితంలో లేదు. అయినా ఆమె అన్నీ చెప్పింది, గుమస్తా అన్నీ రాశాడు, పింఛను మంజూరైంది. నూట ఒక్కేళ్ల వయసులో, 1858లో, ప్లెజంట్ మౌంట్ ఊళ్లో కన్నుమూసింది.

1783 జూన్‌లో చేతిలో జీతం బదులు మారిస్ సంతకం చేసిన హుండీ కాగితాలు పెట్టి సిపాయిలను ఇళ్లకు పంపించిన తీరు, ఆ కాగితాలను అయినకాడికి అమ్ముకున్న కుటుంబాల సంగతి వచ్చే భాగంలో.

(సశేషం)